మా ముత్తాత ఇంటిపేరు వేరు, మా ఇంటిపేరు వేరు. అసలు మేమెవరం?

మానేరు మనవరాలు
పోయిన నెల మా ఊళ్ళో ఒక పెద్దాయన చనిపోతే బాపు ఎప్పటిలాగే మైల పట్టాడు. పదో రోజు గుండు చేయించుకోవడానికి వెళ్తే ఆ ఇంటి మనిషి ఒకాయన అందరి ముందు అన్నాడట: "నువ్వెందుకు కూసున్నవ్? మీరు మా పాలోళ్ళు కారు. ఏడికెల్లో వచ్చినోళ్ళు." పాలోళ్ళంటే దాయాదులు. బాపుకు అరవై ఎనిమిదేళ్ళు. ఆ ఇళ్ళలో ఎవరు పోయినా ఆయన మైల పట్టాడు, మా తాత కూడా పట్టాడు. ఆ రోజు బాపు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. అప్పటి నుంచి నాకు ఇదే టెన్షన్.

మాది ఎల్కతుర్తి దగ్గర ఊరు. వ్యవసాయం. మా ఇంటిపేరు మానేరు అవతల ఉన్న ఒక ఊరి పేరు. ఆ ఊళ్ళో మాకు చుట్టాలు లేరు, తెలిసినవాళ్ళూ లేరు. పెద్దల అమావాస్య పెత్రమాసకు బియ్యం ఇచ్చేటప్పుడు నానమ్మ మూడు పేర్లు చెప్తుంది. మా తాత, ముత్తాత, ఆయన తండ్రి ఓదెలు. అంతకు పైన ఎవరికీ తెలియదు.

పాత భూమి రికార్డు ఖాస్రా పహాణీ నకలు తీయించాను. అందులో మా ముత్తాత పేరు పక్కన "వల్ద్ మల్లయ్య" అని ఉంది. ఇంటిపేరు కూడా మాది కాదు, బాపును వద్దన్న ఆ ఇంటివాళ్ళది. ఇంట్లో ఒక పాత ఇత్తడి గంగాళం ఉంది. దాని మీద చుక్కలతో కొట్టిన అక్షరాల్లో కూడా వాళ్ళ ఇంటిపేరే కనిపిస్తుంది. దాని తర్వాత "రాజ" వరకు చదవొచ్చు, మిగతాది తోమి తోమి అరిగిపోయింది. ఇంకా పాత రికార్డుల కోసం వరంగల్‌లో రెండు ఆఫీసులు తిరిగాను. మీ ఊరివి మా దగ్గర లేవన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

సుబేదారి సైకిల్
బాపు తిన్నాడా ఇప్పుడైనా? అది ముందు చెప్పు.

మానేరు మనవరాలు
తింటున్నాడు అన్నా. కానీ ఆ వాడకట్టుకు పోవడం మానేశాడు.

పాత దస్త్రం
రెవెన్యూలో ముప్పై రెండేళ్ళు చేసి రిటైర్ అయ్యాను, కాబట్టి కాగితాల సంగతి నేను చెప్తాను. అమ్మా, నువ్వు వెతికిన చోటే తప్పు. ఎల్కతుర్తి, భీమదేవరపల్లి, కమలాపూర్ మండలాలు 2016 అక్టోబర్ దాకా కరీంనగర్ జిల్లా. ఆ తర్వాతే వరంగల్ అర్బన్‌లో కలిశాయి, 2021లో దాని పేరు హనుమకొండ జిల్లా అయింది. కరీంనగర్ అనే జిల్లా కూడా 1905 నుంచే. అంతకు ముందు ఎలగందుల జిల్లా. కాబట్టి మీ ముత్తాత తండ్రి కాలం కాగితం ఏదైనా మిగిలి ఉంటే అది ఎలగందుల పేరు మీద ఉంటుంది. వరంగల్ అని అడిగితే లేదనే అంటారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు.

ఖాస్రా పహాణీ 1954-55ది. దానికి వెనక సేత్వార్ ఉంటుంది. సర్వే చేసి మొదటిసారి ఏ సర్వే నంబరు ఎవరి పట్టా అని రాసిన రిజిస్టర్ అది. పహాణీలో ఉన్న సర్వే నంబర్లు పట్టుకొని సేత్వార్ నకలుకు దరఖాస్తు పెట్టు. అక్కడ పట్టాదారు ఎవరని ఉందో చూస్తే ఆ భూమి మీ ఇంటికి ఏ దారిన వచ్చిందో సగం తెలుస్తుంది. "వల్ద్" అంటే కొడుకు. ఫలానా వల్ద్ ఫలానా అంటే ఫలానా వాళ్ళ కొడుకు. ఆడమనిషి పేరు మీద ఉంటే "జౌజె" అని మొగుడి పేరు రాసేవాళ్ళు. సంవత్సరం ఫస్లీలో, అంటే నిజాం సర్కారు శిస్తు లెక్కల సంవత్సరంలో ఉంటుంది. దానికి 590 కలుపుకుంటే మన ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది. 1300 ఫస్లీ అంటే 1890 అక్టోబర్‌లో మొదలైన ఏడు.

నిజాం కాలం
పాత దస్త్రం గారు చెప్పినదానికి కొంచెం కలుపుతాను. 1865లో నిజాం దివాన్ సాలార్‌జంగ్ జిల్లాబందీ చేసేదాకా ఈ జిల్లాలు, తాలూకాలు అన్న ఏర్పాటే ఇలా లేదు. శిస్తు వసూలు దేశ్‌ముఖ్‌ల చేతుల్లో, గుత్తేదార్ల చేతుల్లో ఉండేది. రైతు పేరుతో సర్కారుకు నేరుగా పని పడింది ఆ తర్వాతే. కాబట్టి 1865కు ముందు మామూలు రైతు పేరు సర్కారు కాగితంలో దొరకడం చాలా కష్టం. భాష ఇంకో అడ్డం. 1880ల దాకా ఫార్సీ, తర్వాత ఉర్దూ. తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది, వెళ్ళి అడగొచ్చు. కానీ చదివేవాళ్ళను వెంట తీసుకెళ్ళాలి.

హైదరాబాద్ రాజ్యంలో మొదటి జనాభా లెక్క 1881లో తీశారు. దాని మీద ఆశ పెట్టుకోవద్దు. అచ్చయిన పుస్తకాల్లో మొత్తం లెక్కలే ఉంటాయి, ఇంటింటి పేర్లు ఉండవు.

గల్ఫ్ బిడ్డ
ఓదెలు, మల్లయ్య ఇద్దరూ ఒక్కరే ఎందుకు కాకూడదు? మాది జగిత్యాల దిక్కు. ఓదెల మల్లన్న మొక్కుతో పుట్టిన పిల్లలకు ఓదెలు అని పెడతారు. దేవుడి అసలు పేరు మల్లన్న. ఇంట్లో ఓదెలు, పట్వారీ దగ్గర మల్లయ్య. మా పెద్దనాయినకు ఇప్పటికీ ఇంట్లో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు.

కాజీపేట జంక్షన్
నిజమే. కొమురెల్లి మల్లన్న పేరు మీద కొమురయ్య, ఐనవోలు మల్లన్న పేరు మీద ఐలయ్య. ముగ్గురూ కాగితం మీద మల్లయ్య అయిపోవచ్చు.

సుబేదారి సైకిల్
మా వాడకట్టులో "మల్లయ్యా" అని పిలిస్తే ఐదు తలుపులు తెరుచుకునేవి. పోస్ట్‌మ్యాన్ తల పట్టుకునేవాడు.

మానేరు మనవరాలు
గల్ఫ్ బిడ్డా, ఈ ఆలోచనే రాలేదు నాకు! నానమ్మను అడిగాను. "ఓదెలు మల్లన్న బిడ్డనే గదా, గట్ల రాస్కున్నరేమో" అంది. ఆమెకు అదొక సందేహమే కాదు.

ఇంకో మాట కూడా చెప్పింది. "మా పెద్దమామ ధాతల వచ్చిండు, తల్లి కొంగు వట్టుకొని." పెద్దమామ అంటే ఓదెలే. ధాత అంటే 1936 కదా? నానమ్మ కూడా ధాతలోనే పుట్టానంటుంది. అప్పుడు లెక్క కుదరడం లేదు.

నిజాం కాలం
ధాత అరవై ఏళ్ళకోసారి వస్తుంది. మీ నానమ్మ పుట్టిన ధాత 1936-37. మీ పెద్దాయన వచ్చిన ధాత 1876-77. అదే ధాత కరువు. మద్రాసు, మైసూరు, బొంబాయి, హైదరాబాద్ ప్రాంతాలను రెండు మూడేళ్ళు పీడించిన కరువు. ఖాస్రా నాటికి ఆయన కొడుకు పట్టాదారు అయ్యాడంటే 1876కే లెక్క సరిపోతుంది. ఏడెనిమిదేళ్ళ పిల్లాడిగా వచ్చాడనుకుంటే పుట్టింది 1868 ప్రాంతం.

కానీ ఒక అనుమానం. ఆ కరువు మన రాజ్యంలో నైరుతి వైపు ఎక్కువ పడింది. రాయచూరు, లింగసుగూరు, గుల్బర్గా దిక్కు. మానేరు ఒడ్డు నుంచి కరువుకు పారిపోయి ఎల్కతుర్తికి ఎందుకు వస్తారు? రెండూ పక్కపక్కనే కదా. మీ ఇంటిపేరు ఊరు ఇంకెక్కడైనా కూడా ఉందేమో చూడండి. ఒకే పేరున్న ఊళ్ళు మన దగ్గర చాలా ఉన్నాయి.

కాజీపేట జంక్షన్
1876లో ఇటు రైలు కూడా లేదు. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ దాకానే లైన్, అదీ 1874లో పడింది. బెజవాడ దాకా రైలు 1889లో. బల్లార్షా లైన్ 1929లో. ఓ తల్లి పిల్లాడిని కొంగు పట్టించుకొని వచ్చిందంటే నడిచే వచ్చింది. దగ్గరి ఊరే అయ్యుంటుంది.

సోలాపూర్ తెలుగు
కడుపు మాడుతుంటే దూరం చూసుకోరు. మా ముత్తాతలు సిరిసిల్ల దిక్కు నుంచి సోలాపూర్‌కు బండి వెంట నడిచి వచ్చారు. దారిలో పుట్టిన పిల్ల పేరు కూడా మా ఇంట్లో చెప్తారు. నది అవతల ఎండినా ఇవతల చెరువు కింద నీళ్ళు ఉండొచ్చు. చెరువులో నాలుగు రోజుల నీళ్ళున్నా ఆ ఊరికి వలస పోయేవాళ్ళు.

నిజాం కాలం
ఒప్పుకుంటాను. చెరువు సంగతి నేను ఆలోచించలేదు.

మగ్గం గుంట
ఊరి పేరు ఇంటిపేరు కావడానికి ఇదే మామూలు దారి. సొంత ఊళ్ళో ఉన్నవాడిని ఆ ఊరి పేరుతో ఎవరూ పిలవరు. ఊరు విడిచాకే ఆ ఊరి పేరు వెంటపడుతుంది. కాబట్టి బాపును "వచ్చినోళ్ళు" అన్నాయన తప్పు చెప్పలేదు. చెప్పిన చోటు, చెప్పిన తీరు తప్పు.

మీ కులం వాళ్ళకు వంశం చెప్పేవాళ్ళు రావడం లేదా? పిచ్చుకగుంట్ల వాళ్ళు, ఇప్పుడు వంశరాజ్ అంటున్నారు. గోత్రం, ఇంటిపేరు, తరాలు అన్నీ నోటికే చెప్తారు. మా పద్మశాలీలకు కూనపులి వాళ్ళు వస్తారు. పటం విప్పి మార్కండేయ పురాణం చెప్తారు. చేర్యాల నకాశి వాళ్ళు వేసిన పటమే. చిన్నప్పుడు మా ఇంటి ముందు దీపం పెట్టి రాత్రంతా చెప్పారు. పొద్దున మా తాత, ఆయన తండ్రి పేర్లు చదివి త్యాగం, అంటే వాళ్ళకిచ్చే కానుక, అడిగారు.

నిజాం కాలం
వాళ్ళను నేను గౌరవిస్తాను. కానీ వాళ్ళు చెప్పేది సాక్ష్యంగా తీసుకోకూడదు. ప్రతి కులానికీ ఓ దేవుడి నుంచో రాజు నుంచో మొదలుపెడతారు. ఇచ్చేవాళ్ళను పొగడటం వాళ్ళ బతుకుతెరువు.

మగ్గం గుంట
మొదట్లో చెప్పేది పురాణం, దాన్ని ఎవరూ చరిత్ర అనడం లేదు. చివరి నాలుగైదు తరాల సంగతి వేరు. ఏ ఊళ్ళో ఎన్ని ఇళ్ళు, ఎవరి నుంచి ఎంత రావాలి అన్నది వాళ్ళకు మిరాశి హక్కు, తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. అన్నదమ్ములు వేరుపడితే రెండు ఇళ్ళు, రెండు త్యాగాలు. అందులో పొరపాటు పడితే వాళ్ళ కడుపుకే దెబ్బ. పట్వారీ కంటే జాగ్రత్తగా గుర్తుపెట్టుకుంటారు.

డప్పు చప్పుడు
ఈ చర్చ మొదటి నుంచి చదువుతున్నాను. సేత్వార్, ఖాస్రా, ఫస్లీ. మా తాతల పేర్లు వీటిలో దేంట్లోనూ లేవు. భూమి లేదు, వెట్టి చేశారు. పట్టా లేనివాడికి సర్కారు కాగితంలో పేరెక్కడిది? మాకు డక్కలి వాళ్ళే దిక్కు. జాంబ పురాణం చెప్పి, చివర్లో మా ఇంటి పెద్దల పేర్లు వరుసగా చెప్పేవాళ్ళు. మా తాత తాత పేరు నాకు తెలిసింది ఒక డక్కలి పెద్దాయన నోట. అప్పుడు నేను పదో తరగతి. వెంటనే నోటుబుక్కులో రాసుకున్నాను. ఆయన పోయారు, ఆయన కొడుకు హైదరాబాద్‌లో కూలి చేస్తున్నాడు, కథ రాదు. దాన్ని సాక్ష్యం కాదంటే మాకు ఇంకేముందో చెప్పండి.

నిజాం కాలం
నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. నేను పట్టా ఉన్న ఇళ్ళనే దృష్టిలో పెట్టుకొని రాశాను. ఆ నోటుబుక్కు జాగ్రత్త తమ్ముడూ, ఓ కాపీ తీసి పెట్టుకో.

డప్పు చప్పుడు
మూడు కాపీలు ఉన్నాయి.

ఇంటి కోడలు
మనవరాలూ, కాగితాలు వచ్చేలోపు నానమ్మను ఒక్కటి అడుగు. ఆ ఇంటిపేరు వాళ్ళకు మీరు పిల్లనిచ్చారా, వాళ్ళ పిల్లను తెచ్చుకున్నారా? ఏ తరంలోనైనా సరే. పాలోళ్ళయితే అన్నదమ్ములవుతారు, వాళ్ళతో పెళ్ళి ఉండదు. ఒక్క పెళ్ళి జరిగినా మీరు పాలోళ్ళు కాదు, వియ్యం వరుస. ఇది ఏ రిజిస్టర్ కంటే గట్టి లెక్క. మన ఆడవాళ్ళు ఇందులో తప్పు చేయరు.

పాత దస్త్రం
మంచి ప్రశ్న అడిగావమ్మా. నాకు తట్టలేదు.

మానేరు మనవరాలు
అడిగాను. నానమ్మ నన్ను విచిత్రంగా చూసింది. "మా ఆడిబిడ్డను ఆ ఇంటికే ఇచ్చినం గాదె" అంది. అంటే మా ముత్తాత కూతురిని వాళ్ళకే ఇచ్చారు. నాకు ఈ సంగతి ఇప్పటిదాకా తెలియదు. అంటే మేము నిజంగానే పాలోళ్ళం కాదు. బాపుకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. మరి రెండు తరాలు మైల ఎందుకు పట్టారు? భూమి వాళ్ళ ఇంటిపేరు మీద ఎందుకుంది?

గల్ఫ్ బిడ్డ
ఇల్లరికం.

సుబేదారి సైకిల్
నేనూ అదే రాయబోయాను. ఇల్లరికం అయ్యుంటుంది.

పాత దస్త్రం
దత్తత కూడా కావచ్చు కదా?

ఇంటి కోడలు
దత్తత పోతే ఆ ఇంటి కొడుకే అవుతాడు, ఇంటిపేరు మారుతుంది, వాళ్ళ పాలోళ్ళతో కలిసిపోతాడు. అప్పుడు ఆ ఇంటికి పిల్లనివ్వరు. ఇల్లరికం అయితే అల్లుడు అల్లుడే. అతని పిల్లలకు ఆ ఇంటిపేరు వాళ్ళు మేనమామ వరుస. పిల్లనివ్వొచ్చు. లెక్క సరిపోతోంది.

కాజీపేట జంక్షన్
ఇల్లరికం వచ్చినవాడి ఇంటిపేరు పోదు అంటారు. మరి పహాణీలో వాళ్ళ ఇంటిపేరు ఎలా?

పాత దస్త్రం
పట్వారీ ఇంటిని చూసి రాశాడు. భూమి మామది, ఇల్లు మామది, ఊళ్ళో ఆ ఇంటిని ఆ పేరుతోనే పిలుస్తారు. అల్లుడి కొడుకు పేరు మీదికి వచ్చేసరికి పాత ఇంటిపేరే కొనసాగించాడు. నా సర్వీసులో ఇలాంటివి చాలా చూశాను. ఒకే తండ్రి కొడుకులు ఇద్దరికి రెండు ఇంటిపేర్లు. పాస్‌బుక్కుల టైంలో వాళ్ళు పడ్డ తిప్పలు చూడలేకపోయేవాణ్ణి.

మగ్గం గుంట
మా అమ్మమ్మ వాళ్ళది వేరే తీరు. ఇల్లరికం వచ్చిన మా ముత్తాత ఇంటిపేరు పూర్తిగా పోయింది. 1918లో కాళయుక్తి ఏడు, ఆ జ్వరాల్లో ఆయన పుట్టింటి వైపు ఒక్క వారంలో నలుగురు పోయారు. ఆ పేరు మోసేవాళ్ళే మిగల్లేదు. వంశవృక్షం గీస్తే ఆ కొమ్మ అక్కడికే ఆగుతుంది. ఎన్నిసార్లు గీసినా ఆ చోటుకు వచ్చేసరికి చేయి ఆగుతుంది.

సోలాపూర్ తెలుగు
ఒక జాగ్రత్త. కాగితాల ఫొటోలు పెడితే సర్వే నంబర్లు, ఊరి పేరు కప్పి పెట్టు. మా చుట్టాల్లో ఒకాయన ముచ్చటపడి వంశవృక్షం గీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అందులో అందరూ మర్చిపోయిన ఓ అన్న కొడుకుల పేర్లు వచ్చాయి. ఆరు నెలల్లో భూమి కోర్టుకెక్కింది. ఇప్పటికీ ఒకరింటికి ఒకరు పోరు.

మానేరు మనవరాలు
గుర్తుంచుకుంటాను అన్నా. మాకు భూమి గొడవ వద్దు. బాపు మళ్ళీ ఆ వాడకట్టుకు పోవాలి, అంతే.

కాశీ, గయలో పండాల దగ్గర పుస్తకాలు ఉంటాయంటారు కదా, అవి పనికొస్తాయా?

నిజాం కాలం
మీ పూర్వీకులు ఎవరైనా అక్కడికి పోయి ఉంటేనే. పండా ఆ రోజు వచ్చినవాళ్ళు చెప్పిన పేర్లు రాసుకుంటాడు. ఆ రోజుల్లో మన పల్లె రైతు కాశీ పోవడం అంటే తిరిగొస్తాడో లేడో అన్న లెక్క. మీ పెద్దాయన ఏడెనిమిదేళ్ళకు వలస వచ్చినవాడు. ఇంట్లోనే వెతకండి. సందుగలు, అటకలు, దేవుడి అర్ర.

మానేరు మనవరాలు
మూడు వారాలైంది, ఆలస్యానికి మన్నించండి. సేత్వార్‌కు దరఖాస్తు పెట్టాను, ఇంకా రాలేదు. కానీ నానమ్మ కొయ్య సందుగలో చీరల కింద ఒక కాగితం దొరికింది. మడతల దగ్గర చిరిగింది, ఓ మూల నీళ్ళు పడి మరక. అంతా ఉర్దూ. ఫొటో పెడుతున్నా, సర్వే నంబరు ఉందేమో తెలియక కింది సగం కప్పేశాను. ఎవరైనా చదవగలరా?

బాపు చదువు
మా బాపు ఉర్దూ మీడియంలో చదివిన మనిషి, తొంభై ఏళ్ళు. రాత్రి కళ్ళద్దాలు పెట్టుకొని గంటసేపు చూశాడు. చేతిరాత గొలుసుకట్టు, నుక్తాలు (అక్షరాల చుక్కలు) సరిగ్గా పెట్టలేదట. అందుకే పేర్లలో ప ఏదో, బ ఏదో, త ఏదో తెలియడం లేదట. అయినా ఇంత చెప్పాడు. ఇది శిస్తు కట్టిన రసీదు. 1312 ఫస్లీ. పట్టాదారు పేరు ఉన్న చోటే మరక పడింది, ఇంటిపేరు మాత్రం చదవొచ్చు, అది గంగాళం మీదిదే. ఆ తర్వాత "మార్ఫత్" అని ఉంది, అంటే ఫలానా మనిషి చేత. ఆ మనిషి మల్లయ్య. మల్లయ్య పేరు ముందు ఒక మాట ఉంది, దాన్ని రెండుసార్లు చూసి ఖాయం చేశాడు. "దామాద్".

దామాద్ అంటే అల్లుడు.

గల్ఫ్ బిడ్డ
👏👏

కాజీపేట జంక్షన్
1312కు 590 కలిపితే 1902. నూట ఇరవై ఏళ్ళు చీరల కింద ఉందా కాగితం!

పాత దస్త్రం
పెద్దాయనకు నా నమస్కారం చెప్పు బాబూ. ఇలా చదివేవాళ్ళు ఎంతమంది మిగిలారు.

మనవరాలూ, ఆ రసీదును ఇక మడత పెట్టకు. రెండు పాత నోటుబుక్కు అట్టల మధ్య చదునుగా పెట్టు. లామినేషన్ అసలే చేయించకు, వేడికి పాడవుతుంది.

మానేరు మనవరాలు
ఏడుపొచ్చింది నాకు. బాపుకు, నానమ్మకు ఇద్దరికీ చదివి వినిపించాను. "అల్లుడు" అన్న మాట వినగానే నానమ్మ ఆగమని చేయి ఎత్తింది. ఆమె మాట ఆమె చెప్పినట్టే రాస్తున్నా:

"మా అత్త చెప్పేది. ఆ ముసలాయినకు కొడుకులు లేరు. ఒక్కతే బిడ్డ. కరువుల వచ్చిన పిలగాడు వాళ్ళ ఎడ్లకాడ జీతమున్నడు. మంచిగ పనిజేత్తడని బిడ్డనిచ్చి ఇంట్లనే వెట్టుకున్నడు. ముసలాయిన పోతే కొరివి వెట్టింది మా పెద్దమామనే. ఆ దినం నుంచి ఆ ఇంటి మైల మనకున్నది."

బాపు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "కొరివి పెట్టినోళ్ళం మైల పట్టుడు తప్పు గాదు కద" అన్నాడు. నన్ను అడిగాడో, తనకు తాను చెప్పుకున్నాడో తెలియదు.

మగ్గం గుంట
తప్పు కాదు. ముమ్మాటికీ కాదు.

నిజాం కాలం
శాస్త్రం ప్రకారం అల్లుడికి పది రోజుల మైల ఉండదు. కానీ కొరివి పెట్టినవాడికి ఉంటుంది. ఆయన మనవడు, మునిమనవడు కూడా పట్టడం శాస్త్రంలో లేనిది, వాళ్ళంతట వాళ్ళు పెట్టుకున్నది. చదువుతుంటే గుండె బరువెక్కింది. బాపుకు చెప్పండి.

డప్పు చప్పుడు
జీతగాడిగా వచ్చి కొరివి పెట్టే కొడుకయ్యాడు. పెద్ద సంగతి.

ఇంటి కోడలు
అందరికీ అల్లుడు దొరికాడు. ఆ ఒక్కతే బిడ్డ పేరేంటి?

భూమి ఆమె వల్ల వచ్చింది, ఇల్లు ఆమె వల్ల వచ్చింది. పెత్రమాసకు చెప్పే మూడు పేర్లూ మగవాళ్ళవి. రసీదులో మామ ఇంటిపేరు ఉంది, అల్లుడి పేరు ఉంది, ఆమె లేదు. మనవరాలూ, గంగాళం మీద "రాజ" అని ఉంటే రాజయ్య అనుకున్నావా? గంగాళాలు, బిందెలు పేరు కొట్టించి ఇచ్చేది ఎవరికి? బిడ్డ పెళ్ళికి పెడతారు. కొడుక్కి గంగాళం ఎవరిస్తారు?

మానేరు మనవరాలు
అక్కా, ఒళ్ళు జలదరించింది.

మగ్గం గుంట
అరిగిన అక్షరాలకు మా అమ్మ ఒక పని చేసేది. గంగాళాన్ని చింతపండుతో తోమి బాగా ఆరబెట్టు. అక్షరాల మీద మెత్తటి బియ్యప్పిండి చల్లి, అరచేత్తో మెల్లగా తుడువు. పైపైన ఉన్న పిండి పోతుంది, చుక్కల గుంతల్లో మిగులుతుంది. చీకట్లో టార్చ్ పక్క నుంచి పెట్టి చూడు. ఎదురుగా పెడితే ఏమీ కనిపించదు.

సుబేదారి సైకిల్
ఇవాళ ఈ రాష్ట్రంలో ఎన్ని గంగాళాలకు బియ్యప్పిండి పడుతుందో. నేనైతే ఇప్పుడే అటక ఎక్కుతున్నా.

మానేరు మనవరాలు
నిన్న రాత్రి చేశాం. బాపు గంగాళాన్ని ఒళ్ళో పెట్టుకొని పట్టుకున్నాడు, నేను టార్చ్ పట్టుకున్నాను. "రాజ" తర్వాత అక్షరం మొదట ఏదీ తెలియలేదు. లైటు కిందికి దించితే వ కనిపించింది, దాని కింద ఇంకో వ.

రాజవ్వ.

నేను గట్టిగా చదవగానే మంచం మీద నుంచి నానమ్మ "రాజవ్వ చెలకనా?" అంది. మా ఊరి పడమట ఎర్రనేల చెలక ఒకటి ఉంది మాకు, రెండెకరాలు. ఎప్పుడూ దాన్ని రాజవ్వ చెలక అనే అంటాం. "రాజవ్వ చెలకల కందులు వెట్టిన్రా", "రాజవ్వ చెలక దున్నిన్రా" అని పుట్టినప్పటి నుంచి వింటున్నాను. ఆ రాజవ్వ ఎవరని నేను ఒక్కనాడు అడగలేదు. బాపూ అడగలేదు. నానమ్మ కూడా ఆ ఇంటికి కోడలుగా వచ్చి డెబ్భై ఏళ్ళు దాటింది, చెలక పేరు అదే అనుకుందట.

పొద్దున బాపు ఒక్కడే ఆ చెలకకు పోయొచ్చాడు. వస్తూ వస్తూ ఆ వాడకట్టు నుంచే వచ్చాడు. బాపును అందరి ముందు అన్నాయన ఇంటి ముందు నిలబడి, రసీదు సంగతి, కొరివి సంగతి చెప్పాడట. ఆయన లోపలికి రమ్మని కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాడట. "రాజవ్వ అంటే మాకు ఆడబిడ్డ అయితది గదా" అన్నాడట. ఇంకేం మాట్లాడుకున్నారో బాపు చెప్పలేదు.

పాత దస్త్రం
సేత్వార్ నకలు వచ్చాక పడమటి చెలక సర్వే నంబరు ప్రత్యేకంగా చూడు. బిడ్డకు పసుపు కుంకుమ కింద ఇచ్చిందైతే వేరే ఎంట్రీ ఉండే వీలుంది. లేకపోయినా నిరాశపడకు, ఊరి నోట్లో పేరు నిలిచింది.

మానేరు మనవరాలు
చూస్తాను సార్. పెత్రమాసకు ఇంకా నెల ఉంది. నానమ్మ ఇప్పటి నుంచే వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటోంది, నాలుగు పేర్లు. అయ్యగారు మూడే అంటే ఏం చేస్తావని అడిగాను. "నాలుగో సేరు బియ్యం నేను వోత్త, ఆయినకేంది" అంది.

ఇంటి కోడలు
మా అత్తమ్మ వాళ్ళ అత్త పేరేంటో నాకు తెలియదు. ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.